విజయవాడ, కృష్ణా డెల్టా: కొద్ది రోజుల సందర్శన ప్రణాళిక

కృష్ణా నది కొండల మధ్య నుంచి బయటపడి డెల్టాలోకి అడుగుపెట్టే చోట, ఉత్తరపు గట్టున ఉన్న ఊరు విజయవాడ. చెన్నై, హైదరాబాదు, విశాఖపట్నం వైపు పోయే రైళ్లూ రోడ్లూ ఇక్కడే కలుస్తాయి. అందుకే ఈ ఊరి మీదుగా పోయేవారికి లెక్క లేదు, ఊరు చూద్దామని ఆగేవారు మాత్రం తక్కువ. తెల్లవారుజామున రైలు దిగడం, కొండెక్కి దుర్గమ్మ దర్శనం చేసుకోవడం, బ్యారేజీ మీద ఒక ఫోటో తీసుకోవడం, మధ్యాహ్నానికి మళ్లీ రైలెక్కడం చాలామంది పద్ధతి. రెండు మూడు రోజులు చేతిలో ఉన్నవారు ఇంకో పద్ధతి పడతారు. పది పన్నెండు చోట్ల పేర్లు కాగితం మీద రాసుకుని, కారు మాట్లాడుకుని, ఉత్తరానికీ దక్షిణానికీ పరుగులు తీసి, అన్నీ చూశామనిపించుకుని అలసిపోయి ఇంటికి వెళ్తారు. రెండు పద్ధతుల్లోనూ లోపం ఒకటే: చోట్లను విడివిడిగా చూడటం. ఇక్కడ చూడదగినవాటిలో చాలా భాగం ఒకే నీటి దారి మీద ఉన్నాయి. ఆనకట్టకు ఎగువన కొన్ని, ఆనకట్ట దగ్గర కొన్ని, దిగువన కాలువల వెంట సముద్రం దాకా కొన్ని. రోజులను కూడా ఈ ప్రకారమే ఒక రోజు ఆనకట్టకు, ఒక రోజు ఎగువకు, ఒక రోజు దిగువకు పంచుకోవాలన్నది ఈ వ్యాసం వాదన. తీరిక ఉంటే నాలుగో రోజు డెల్టా చివరి అంచుకు పోవచ్చు.

నగర సందర్శనకు ప్రణాళిక వేసుకోవడమనే అలవాటుకు అచ్చు రూపం ఇచ్చినవారిలో జర్మన్లు ముఖ్యులు. 1827లో కోబ్లెంజ్‌లో ప్రచురణ సంస్థ పెట్టిన కార్ల్ బెడెకర్ పేరు తర్వాతి కాలంలో మార్గదర్శక పుస్తకానికే మారుపేరైపోయింది. ఆ పుస్తకాలు తప్పక చూడవలసిన చోట్లకు చుక్క గుర్తు పెట్టేవి. న్యూరెంబర్గ్ లాంటి జర్మన్ నగరంలో ఆ పద్ధతి చక్కగా నడుస్తుంది. కోట, చర్చిలు, సంత చౌకు, మ్యూజియాలు పాత ప్రాకారం లోపలే ఉంటాయి కాబట్టి, సోమవారం మ్యూజియాలకు సెలవన్న సంగతి మరచిపోకుండా చుక్కలు లెక్కపెట్టుకుంటూ నడిచిపోవచ్చు. అదే కొలత విజయవాడకు పెడితే ఊరు బీదగా కనిపిస్తుంది. ఇక్కడ అలాంటి ప్రాకారం లోపలి పాత పట్నం లేదు. వన్‌టౌన్ పాతదే అయినా అది వ్యాపారుల పేట, తీరిగ్గా నడిచే వీధులు కావు. మన భాషలో ఇందుకు మరింత పనికొచ్చే నమూనా ఉంది. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన కాశీయాత్ర చరిత్రలో దారిని మజిలీలుగా విడగొట్టి, ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఏ నది ఎలా దాటాలి, దారి ఎలాంటిది అన్నవి రాసుకుంటూ పోయాడు. గొప్ప చోట్ల జాబితా కన్నా దారి స్వభావం ముందు తెలుసుకోవాలన్న ఆ పద్ధతే కృష్ణా డెల్టాకు ఇప్పటికీ సరిపోతుంది.

ఈ దారికి మూలం ఆనకట్ట. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమను గుల్ల చేసింది. కృష్ణ పక్కనే పారుతున్నా పొలాలకు నీళ్లెక్కే దారి లేకపోయింది. గోదావరి మీద ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో ఇక్కడ 1852లో పని మొదలై 1855లో ముగిసింది. ఆ కట్ట వందేళ్ల దాకా నిలిచి 1952లో గండి పడింది. దాని ఎగువనే 1957 నాటికి 1,223.5 మీటర్ల పొడవున, 70 గేట్లతో కట్టిన కొత్త బ్యారేజీకి ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు దీని మీద ఆధారపడింది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే బయల్దేరతాయి. విజయవాడ వీధుల్లో ఏ అరమైలు నడిచినా ఏదో ఒక వంతెన ఎక్కాల్సిందే. సందర్శకుడికి దీనితో రెండు పనులున్నాయి. దారి ఒకటి: దిగువకు పోయే ముఖ్యమైన రోడ్లు కాలువల పక్కనో కరకట్టల మీదనో నడుస్తాయి. కాలం రెండోది: సార్వాకు నీళ్లు వదలగానే డెల్టా పచ్చబడుతుంది, నవంబరు డిసెంబరుల్లో కోతలు, ఆ వెంటనే అదే చేలో మినుము. ఎండాకాలం వచ్చి కాలువలు కట్టేశాక మిగిలేది బీటలు వారిన నేల, తూటికాడ పెరిగిన కాలువ అడుగు. ఏప్రిల్, మే నెలల్లో వచ్చి డెల్టా అందం ఏదని అడిగేవారికి ఎవరూ జవాబు చెప్పలేరు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉన్న నాలుగు నెలలే మంచి కాలం.

మొదటి రోజు ఆనకట్ట రెండు గట్లకూ సరిపోతుంది. పొద్దున్నే ఇంద్రకీలాద్రి ఎక్కి కనకదుర్గ దర్శనం ముగించుకుంటే కొండ కింద అక్కన్న మాదన్న గుహలు చూడవచ్చు. గోల్కొండ తానీషా మంత్రుల పేరు వీటికి 17వ శతాబ్దంలో అంటుకుంది కానీ తొలిపించిన కాలం దాదాపు వెయ్యేళ్లు ముందుది. మొగల్రాజపురం గుహలు కూడా ఆ కోవలోవే. ఇప్పుడు వాటి చుట్టూ ఇళ్లు కమ్ముకున్నాయి. బందరు రోడ్డు మీది బాపు మ్యూజియానికి కనీసం గంటన్నర కేటాయించాలి. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం గుర్తుగా కట్టిన ఈ భవనంలోని అల్లూరు బుద్ధుడి పాలరాతి విగ్రహం ఒక్కటి చాలు, ఈ నది ఒడ్డున బౌద్ధం ఎంత లోతుకు దిగిందో చెప్పడానికి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా చూపిందీ ఈ ఊళ్లోనే. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం మ్యూజియానికి దగ్గర్లోనే ఉంది. మధ్యాహ్నం ఎండ తగ్గాక బ్యారేజీ దాటి ఉండవల్లి చేరాలి. ఇది గుంటూరు జిల్లా, తాడేపల్లి మండలం. జిల్లా సరిహద్దుల ప్రకారం ఊళ్లు ఎంచుకుంటే మొదటి రోజే తప్పిపోయే చోటు.

ఉండవల్లికి తొందరపడి వెళ్లకూడదు. విష్ణుకుండినుల కాలానిదని ఎక్కువమంది చెప్పే ఈ నాలుగంతస్తుల గుహాలయం కట్టింది కాదు, కొండను పైనుంచి కిందికి తొలిచి తీసింది. కింది అంతస్తు పూర్తి కాలేదు. సగం చెక్కి వదిలేసిన స్తంభాల మీద ఉలి గీతలు ఇంకా కనిపిస్తాయి. శిల్పులు ఏ క్రమంలో రాతిని తీశారో అక్కడ తెలిసినంత బాగా పూర్తయిన ఆలయాల్లో తెలియదు. రెండో అంతస్తులో స్తంభాల వరసలు, గోడల మీద దేవతా మూర్తులు ఉంటాయి. మూడో అంతస్తు చీకటిలో, ఒకే రాతిలో చెక్కిన అనంతశయనుడు గోడ పొడవునా పడుకుని ఉంటాడు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగితేనే పాదాల దగ్గరా తల దగ్గరా ఉన్న చిన్న మూర్తులు బయటపడతాయి. చాలామంది సెల్‌ఫోను దీపం వేసి, ఫోటో తీసి, వెంటనే దిగిపోతారు. అదే గది ముందున్న వసారాలో కూర్చున్న ఆకారాలనూ సింహాలనూ ఎవరూ పట్టించుకోరు. మొదట ఇది బౌద్ధ విహారమా, జైనుల గుహలా అన్న చర్చ ఇప్పటికీ ఉంది. అంతస్తులు ఒకదానితో ఒకటి పొందికగా అమరిన తీరు విహార పద్ధతిని తలపిస్తుంది కనుక ఆ చర్చకు ఆధారం లేకపోలేదు. సాయంత్రం తిరుగుదారిలో బ్యారేజీ మీద నిలబడితే ఎగువన నిండుగా ఆగిన నీరు, దిగువన ఇసుక మేటలు ఒకే చూపులో కనిపిస్తాయి. తర్వాతి రెండు రోజుల దారులూ అక్కడే విడిపోతాయి.

దీనికంతటికీ ఒక పెద్ద అభ్యంతరం వస్తుంది. విజయవాడ యాత్రాస్థలం, పర్యాటక స్థలం కాదు, వచ్చేవారిలో అత్యధికులు అమ్మవారి కోసమే వస్తారు, వాళ్లకు ఈ గుహలూ మ్యూజియాలూ ఎందుకు అని. వచ్చేవారి గురించి ఆ మాట నిజమే. కానీ దర్శనానికి వచ్చినవారికే ప్రణాళిక ఎక్కువ అవసరం. దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, లక్షల మంది క్యూలో ఉంటారు. ఆ రోజు దర్శనం తప్ప మరేదీ కుదరదు, కుదరాలని కోరుకోకూడదు కూడా. డిసెంబరులో భవానీ దీక్షల విరమణ రోజులూ అంతే. గుణదల మేరీమాత ఉత్సవాలు ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరుగుతాయి. 1924లో పునాది పడిన ఆ క్షేత్రానికి అప్పుడు వచ్చే జనంతో ఏలూరు రోడ్డు కదలదు. పండుగ చూడాలనుకునేవారు పండుగకే రావాలి, ఊరు చూడాలనుకునేవారు ఆ తేదీలు తప్పించి రావాలి. రెండూ ఒకే ప్రయాణంలో కలిపితే రెండూ చెడతాయి. 2016 ఆగస్టు తర్వాత కృష్ణా పుష్కరాలు మళ్లీ 2028లో వస్తాయి. అప్పుడూ ఇదే లెక్క వర్తిస్తుంది.

రెండో రోజు ఎగువకు. ఇక్కడ ఒక ఎంపిక తప్పదు, ఎందుకంటే కొండపల్లి ఉత్తరపు గట్టున, అమరావతి దక్షిణపు గట్టున ఉన్నాయి. రెంటినీ ఒకే పూటలో కుక్కేవారు ఎక్కువ సేపు కారులోనే గడుపుతారు. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు అమరావతికే రోజంతా ఇచ్చి, తిరిగొచ్చేటప్పుడు మంగళగిరిలో ఆగాలి. అయితే పానకాల స్వామి కొండగుడి సాయంత్రం కాకముందే మూసేస్తారు కాబట్టి, అది ముఖ్యమనుకుంటే పొద్దునే ముగించుకోవాలి. కింది ఆలయం ముందున్న 11 అంతస్తుల గాలిగోపురం వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 19వ శతాబ్ది తొలి దశకంలో కట్టించింది. అమరావతి పట్నాన్ని నిలబెట్టిందీ ఆయనే. ఆ పట్నానికి ఇటుకలు తవ్వుతుండగానే పాత దిబ్బలో చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. 1797లో కొలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించాడు, శిల్పాలు మద్రాసుకూ అక్కడి నుంచి లండనుకూ చేరాయి. మంచివన్నీ చెన్నై మ్యూజియంలో, బ్రిటిష్ మ్యూజియంలో ఉండగా దిబ్బ చూడటానికి అంత దూరం ఎందుకన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. శిల్పాల కోసమే అయితే చెన్నైకి పోవడమే సరి, ఆ మాట దాచనవసరం లేదు. కానీ ఆ దిబ్బగా మిగిలిన ధాన్యకటకం మహాచైత్యం ఎంత పెద్దదో ఏ మ్యూజియం గదిలోనూ తెలియదు. దాదాపు 50 మీటర్ల అడ్డుకొలత ఉన్న ఆ వలయం చుట్టూ ప్రదక్షిణగా నడిస్తే, లండనులో గోడకు బిగించిన ఒక్కో ఫలకం ఎక్కడ నిలిచి ఉండేదో ఊహకు అందుతుంది. నదీ తీరం, అమరేశ్వరాలయం, బుద్ధుడి చైత్యం ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఎందుకు వెలిశాయో కూడా అక్కడే అర్థమవుతుంది. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ప్రయాణం వేసుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఈ ఒక్క సంగతే.

పిల్లలతో వచ్చేవారికి కొండపల్లి మేలు. ఊరి నుంచి 20 కిలోమీటర్ల లోపే. కొండ మీది కోటను 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు, తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్‌షాహీలు, చివరికి ఇంగ్లీషువారు దాన్ని చేజిక్కించుకున్నారు. కోట కన్నా కింద బొమ్మల కాలనీలో గడిపే గంట విలువైనది. కొండల్లో దొరికే తెల్లపొణికి కర్ర ఎండితే చేతికి బరువే తెలియదు. తల, మొండెం, చేతులు వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి ఇప్పటికీ ఎక్కువగా అమ్ముడుపోయేవి. బేరం ఆడే ముందు ఒక బొమ్మకు ఎన్ని అతుకులున్నాయో లెక్కపెట్టి చూడటం మంచిది.

మూడో రోజు దిగువకు, బందరు దారిన. మూడు రోజుల్లో దేన్ని వదలకూడదని అడిగితే ఈ రోజునే వదలకూడదు, అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీ దాటి, పామర్రు దగ్గర దక్షిణానికి తిరిగితే కూచిపూడి. గోల్కొండ తానీషా ఈ గ్రామాన్ని భాగవతులకు ఇచ్చాడని ప్రతీతి. సిద్ధేంద్ర యోగి పేరిట కళాక్షేత్రం ఉంది. అయితే అక్కడ రోజూ నాట్య ప్రదర్శన ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. శిక్షణ తరగతులుండే రోజో, ఉత్సవాలుండే రోజో ముందే ఫోనులో కనుక్కుని వెళ్లాలి. పక్కనే మొవ్వ, క్షేత్రయ్య మువ్వగోపాలుడి ఊరు. ఇంకాస్త కిందికి పోతే ఘంటసాల బౌద్ధ స్తూపం, కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాయడానికి ప్రేరణ పొందాడని చెప్పే శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు గుడి. మధ్యాహ్నానికి పెడన చేరితే అచ్చు కలంకారీ ఎలా తయారవుతుందో చూడవచ్చు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. బట్టను ముందు కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఎండేస్తారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి నల్లరంగు తీస్తారు, ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. తర్వాత పారే నీటిలో ఉతికి, రంగు వేళ్లూ ఆకులూ వేసిన కాగులో ఉడికిస్తారు. పటిక అంటిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతా చోట్ల జారిపోతుంది. పారే నీరు లేకపోతే ఈ పని నడవదు. కాలువ ఊరికి ఏమిచ్చిందో చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం దొరకదు. ఇప్పుడు రసాయన రంగులూ స్క్రీన్ ప్రింటింగూ చాలాచోట్ల వచ్చాయి కాబట్టి కొనేముందు ఏ రంగో అడగడంలో తప్పు లేదు.

బందరులో చూడటానికి ఏముంది, సముద్రం కూడా ఊళ్లో లేదు కదా అన్నది మరో అభ్యంతరం. మంగినపూడి తీరం ఊరికి 10 కిలోమీటర్ల పైచిలుకు దూరమే, నిజం. కానీ డచ్చివారు 17వ శతాబ్ది మొదట్లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడికి వచ్చి వ్యాపారశాలలు పెట్టారు. పెడన అద్దకాలకు తాతముత్తాతలైన బట్టలే ఈ రేవు నుంచి పర్షియాకూ యూరపుకూ పోయాయి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన ఒక్క పట్నంలోనే వేలమందిని పొట్టన పెట్టుకుంది, రేవు మళ్లీ పాత వైభవం చూడలేదు. డచ్చి సమాధులు, కోట శిథిలాలు తప్ప ఎక్కువ మిగలలేదు. మిగలకపోవడానికి కారణమే ఇక్కడి చరిత్ర. బందరు లడ్డూ కొనుక్కుని చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం పెట్టుకుంటే రోజు నిండినట్టే.

నాలుగో రోజు ఉంటే దివిసీమో కొల్లేరో తేల్చుకోవాలి. అవనిగడ్డ దారిన పోతే హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తుంది. 1977 నవంబరు 19 తుపాను తుడిచిపెట్టిన పాలకాయతిప్ప, సొర్లగొంది ఊళ్లు ఆ వైపే. మడ అడవులు, బురద దారులు, ఆటుపోట్లు ఉన్న ఆ చోటికి స్థానికుల తోడు లేకుండా వెళ్లడం తెలివి కాదు. కొల్లేరు సులువు. గుడివాడ మీదుగా కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు శీతకాలమంతా ఉంటాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2002లో రాంసర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేసినప్పటి వివాదం ఇంకా చల్లారలేదు. నీటి మీద తిరిగేటప్పుడు జాగ్రత్త మాట ఒకటి చెప్పాలి. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకూడదు. నది పోటు మీద ఉన్నప్పుడు నది మధ్యనున్న భవానీ ద్వీపం ఊసే ఎత్తకూడదు.

కారు లేనివాడు ఇదంతా ఎలా తిరుగుతాడన్న ప్రశ్న మిగిలింది. పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి అమరావతికి, బందరుకు, అవనిగడ్డకు, గుడివాడకు పొద్దున్నుంచి రాత్రి దాకా బస్సులున్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఉండవల్లికి ఆటో చాలు. బస్సులో తిరిగితే కూచిపూడి, పెడన రెండూ ఒకే రోజు కష్టం కాబట్టి ఒకటి ఎంచుకోవాలి. పెడన ఎంచుకోవడం మేలు, ఎందుకంటే అక్కడ పని రోజూ నడుస్తుంది. మకాం మాత్రం మూడు రాత్రులూ విజయవాడలోనే, వీలైతే గాంధీనగరంలో. అక్కడి నుంచి స్టేషనూ బస్‌స్టేషనూ దగ్గర, పొద్దున టిఫినుకు బాబాయ్ హోటల్ ఇడ్లీ అందుబాటులో ఉంటుంది. రెండు రోజులే ఉన్నవారు ఎగువ రోజును వదిలేసి ఆనకట్ట, దిగువ రెండూ ఉంచుకోవాలి. మూడు రోజులుంటే కొల్లేరు వదిలేయాలి. నాలుగో రోజు దొరికి, అది నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పడితే మాత్రం ఆటపాకకే వెళ్లాలి.